విరిగితే తేరుకుంటుంది

కనుమ నాడు పొద్దున్నే అమలాపురం దగ్గర మా మావయ్యగారింట్లో గొడవ. మా బావ హైదరాబాద్‌లో ఓ హోటల్ బార్‌లో పనిచేస్తాడు. గ్లాసుడు గేదెపాలు గిన్నెలో పోసుకుని, చిక్కటి టీ డికాషన్‌లో బెల్లం, నిమ్మరసం కలిపి, ఆ పానకాన్ని పాలలోకి సన్నటి ధారగా పోస్తున్నాడు.

"ఏరా, పండగపూట చేజేతులా పాలు విరగ్గొడుతున్నావేంట్రా!" అని అత్తయ్య.

"విరగాలనే పోస్తున్నానమ్మా" అన్నాడు బావ.

రెండు నిమిషాల్లో గిన్నెలో చూడబుద్ధి కాని సరుకు తయారైంది. గోధుమరంగు నీళ్ళు, వాటిలో తేలే ముద్దలు. బావ దాన్ని అరగంట వదిలేసి, మావయ్య పాత పంచె ముక్కని నాలుగు మడతలేసి వడకట్టాడు. మొదట మడ్డిగానే దిగింది. ఆ మడ్డి నీళ్ళనే తెచ్చి, గుడ్డలో పేరుకున్న విరుగు మీద మళ్ళీ నెమ్మదిగా పోశాడు. ఈసారి చుక్కచుక్కగా, కొత్త తేనె రంగులో, అవతలి వేలు కనపడేంత తేటగా దిగింది. వడకట్టింది నిజానికి గుడ్డ కాదు, విరుగే. గోదావరి ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు తేటగా ఊరినట్టే.

తాగి చూస్తే అసలు ఆశ్చర్యం. అంత చిక్కటి డికాషన్‌లో వగరు దాదాపు లేదు. టీ వాసన ఉంది, పులుపూ తీపీ ఉన్నాయి, నాలుక మీద నున్నగా జారుతోంది. పాలు పోసిన సంగతి చెబితే తప్ప తెలీదు.

పాలలోని మాంసకృత్తుల్లో అయిదింట నాలుగు వంతులు కేసీనే. అది కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఉండలన్నిటి మీదా రుణ విద్యుదావేశమే (నెగటివ్ చార్జి) కాబట్టి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. మామూలు పాల పీహెచ్ సుమారు 6.7. పులుపు పడి అది 4.6 దగ్గరికి దిగితే ఆ ఆవేశం కాస్తా పోతుంది. ఇక అడ్డేముంది, ఉండలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వగరుకి కారణమైన టానిన్లకి ఈ కేసీనంటే మహా ఇష్టం. దాన్ని పట్టుకుని దానితోపాటే ముద్దలో చిక్కుకుపోతాయి. లేత జాంకాయో పచ్చి అరటికాయో కొరికితే నోరు పట్టేసినట్టు అవుతుందే, అది కూడా టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తులని పట్టుకోవడమే. ఆ పట్టుకునే పనేదో ముందే గిన్నెలో జరిగిపోతే నోటికి బాధ తప్పుతుంది. మనం టీలో పాలు పోసుకున్నప్పుడు జరిగేదీ కొంతవరకు ఇదే, కాకపోతే అక్కడ కేసీన్‌ని వడకట్టి పారేయం.

బావ పానకాన్నే పాలలోకి పోశాడు. పాలు తీసుకెళ్ళి పానకంలో గుమ్మరిస్తే ఒక్కసారిగా గట్టి ముద్దలు కట్టి పని చెడుతుందట. పాలలోకి పులుపు కొద్దికొద్దిగా దిగితే మెత్తని విరుగు వస్తుంది, టానిన్లని బాగా పడుతుంది. ఇంకో మాట. విరుగు తీసేసినా పాల తేటలోని మాంసకృత్తులు, లాక్టోజ్ అనే పాలచక్కెర పానీయంలోనే ఉంటాయి. పాలు పడనివాళ్ళు నీళ్ళలా ఉంది కదా అని తాగకూడదు.

వరద రోజుల్లో ఎర్రనీళ్ళు తేరడానికి బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు. అక్కడ విడివిడిగా తేలే మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి దిగుతాయి. అందుకే బావ చేసింది నాకు కొత్తగా అనిపించలేదు. బార్లవాళ్ళకి మాత్రం ఇది గొప్ప టెక్నిక్, పేరు మిల్క్ పంచ్. అదీ కొత్తదేం కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో బ్రాందీ, నిమ్మకాయలు, పాలతో ఇది చేసే విధానాన్ని ఓ స్నేహితుడికి ఉత్తరంలో రాసి పంపాడు. ఇక పంచ్ అన్న మాట మన 'పంచ' నుంచే వెళ్ళిందని, సారా, పంచదార, నిమ్మ, నీళ్ళు, మసాలా కలిపి అయిదని చాలామంది అంటారు, అందరూ ఒప్పుకోరు. ఆ మాట మొదట కనిపించే 1632 నాటి ఉత్తరం మాత్రం పెటపోలిలో ఉన్న ఓ ఈస్టిండియా కంపెనీ వర్తకుడికి రాసింది. పెటపోలి అంటే మన నిజాంపట్నం. గోదావరి కాదు, కృష్ణా డెల్టా అంచు. అయినా పక్కిల్లే.

బావ రెండో విద్య నాకు ఇంకా నచ్చింది. సంక్రాంతి రోజుల్లో కోనసీమలో తెల్లారేసరికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, తలకి రాసుకోవాలంటే ఎండలో పెట్టాలి. సుమారు 24 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది, అంతకన్నా చల్లబడితే గడ్డే. న్యూయార్క్‌లో డాన్ లీ అనే బార్టెండర్ 2007లో పేరు తెచ్చుకున్నది సరిగ్గా ఈ గుణంతోనే. ఆయన వాడింది పంది కొవ్వు. కరిగించి విస్కీలో కలిపి, కొన్ని గంటలు ఉంచి, ఫ్రీజర్‌లో పెట్టాడు. కొవ్వు పైన అట్టు కట్టింది, తీసి పారేశాడు. కొవ్వు వాసన విస్కీలో మిగిలిపోయింది. ఆల్కహాల్ అణువులో ఒక కొస నీళ్ళతోనూ రెండో కొస నూనెతోనూ స్నేహం చేస్తుంది, అందుకే నీళ్ళలో కరగని వాసనలు అందులోకి దిగుతాయి. గానుగలో ఆడించిన కొబ్బరినూనెతో, రమ్‌తో బావ తన బార్‌లో ఇదే చేస్తాడు. శుద్ధి చేసిన నూనె తెస్తే దండగ, వాసనే లేనప్పుడు దిగేదేముంది?

సైఫన్ సంగతి కూడా చెప్పాడు. క్రీమ్ నురగ చేసే స్టీలు సీసాలో పానీయం, మిరియాలు, యాలకులు వేసి నైట్రస్ ఆక్సైడ్ ఎక్కిస్తారు. ఒత్తిడికి పానీయం దినుసు సందుల్లోకి దూరుతుంది. మీట నొక్కి గ్యాస్ ఒక్కసారిగా వదిలితే, గోళీసోడా కొట్టినప్పటిలా బుస్సుమని బుడగలు లేచి, లోపలి సారాన్ని బయటికి తోసుకొస్తాయి. రోజులు పట్టే పని నిమిషాల్లో అయిపోతుంది. నాకైతే ఇందులో హంగామా ఎక్కువ అనిపించింది. రోజంతా ఊరే పానకానికి ఊరే టైం ఇవ్వకూడదా?

ఊరడమంటే అత్తయ్య శాఖ. దబ్బకాయ తొక్కని తెల్లపొర రాకుండా సన్నగా చెక్కి, పంచదారలో పిసికి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి పసుపుపచ్చని పాకం దిగుతుందని బావ గొప్పగా చెప్పబోయాడు. "ఊట దిగిందంటావు" అంది అత్తయ్య, పచ్చడి జాడీ వైపు చూపిస్తూ. నిజమే. ఉప్పయినా పంచదారయినా ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. పంచదార పలుకుల రాపిడికి తొక్కలోని నూనె తిత్తులు కూడా చిట్లి, ఆ ఘాటంతా పాకంలోకి వస్తుంది. నిమ్మరసం ఎంత పిండినా ఆ వాసన రాదు.

మధ్యాహ్నానికి తేట టీ సీసా ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. గుడ్డలో మిగిలిన విరుగుని బావ పారేయబోతుంటే అత్తయ్య లాక్కుంది. బెల్లం వేసి మూకుడులో దగ్గరపడే దాకా కలియబెట్టి, యాలకుల పొడి చల్లి తలో చెంచా పెట్టింది. టీలో ఉన్న వగరంతా అందులో ఉంది.