లైపిడీమా: నొప్పి కోసం చేసే లైపోసక్షన్

నడుము దాకా సన్నగా ఉంటారు. నడుము కింద నుంచి మాత్రం ఇంకో మనిషి కాళ్ళు తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. పిరుదులు, తొడలు, పిక్కలు రెండు వైపులా ఒకేలా లావెక్కుతాయి. చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఆ లావు ఠక్కున ఆగిపోతుంది, పాదాలు మామూలుగానే ఉంటాయి. నొక్కితే నొప్పి. ఎక్కడ తగిలిందో గుర్తే ఉండదు కానీ చర్మం కమిలిపోతుంది. కడుపు మాడ్చుకుంటే మొహం, ఛాతీ చిక్కిపోతాయి, కాళ్ళు మాత్రం అంతగా తగ్గవు. ఇది లైపిడీమా. దాదాపుగా ఆడవాళ్ళకే వచ్చే ఈ జబ్బుతో బాధపడేవారిలో చాలామందికి ఏళ్ళ తరబడి దొరికేది ఒకటే సలహా: తిండి తగ్గించు.

దీన్ని 1940లో మొదటిసారి వర్ణించినవారు అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్. 1951లో అదే బృందం 119 మంది రోగుల వివరాలతో మరో వ్యాసం రాసింది. ఆ తర్వాత చాలా దశాబ్దాలు వైద్యరంగం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే జబ్బుల జాబితాలో దీనికి సొంత కోడ్ దక్కింది 2022లో అమల్లోకి వచ్చిన 11వ కూర్పులోనే. రజస్వల అయ్యే వయసులోనో, గర్భం వచ్చినప్పుడో, నెలసరి ఆగిపోయే దశలోనో ఇది మొదలవుతుంది, లేదా ఉన్నది ముదురుతుంది. కాబట్టి హార్మోన్ల పాత్ర ఉందని అనుమానం. తల్లికో, మేనత్తకో ఇలాంటి కాళ్ళే ఉండటం మామూలే కాబట్టి వంశపారంపర్యం మీదా అనుమానం ఉంది. అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు.

ఆపరేషన్ గురించి మాట్లాడే ముందు కాలిలో చేరింది ఏమిటో తేల్చుకోవాలి. సర్జరీ మంచిచెడ్డలు సగం ఇక్కడే తేలిపోతాయని నా అభిప్రాయం. కాలు లావెక్కడానికి మామూలు ఊబకాయం కాక ఇంకో మూడు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి లైపిడీమా కొవ్వు. రెండోది లింఫెడీమా. రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన ద్రవాన్ని లింఫ్ నాళాలు తిరిగి రక్తంలోకి చేరుస్తుంటాయి. అవి దెబ్బతింటే ఆ ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. ఫైలేరియా పురుగుల వల్ల వచ్చే బోదకాలు ఈ కోవదే. క్యాన్సర్ చికిత్సలో గజ్జల్లోని లింఫ్ గ్రంథులు తీసేసినవారికీ ఇది రావచ్చు. మూడోది సిరల జబ్బు. సిరల్లోని కవాటాలు పాడైతే రక్తం కిందికే జారి, సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి, ముదిరితే చర్మం నల్లబడి పుండు పడుతుంది.

లైపిడీమాను నిర్ధారించే రక్తపరీక్ష లేదు, స్కాన్ కూడా లేదు. వైద్యుడి చూపు, చేతివేళ్ళు, ఓపికగా అడిగే ప్రశ్నలు, అంతే. అందులో ఒక పరీక్ష మరీ తేలిక. కాలి రెండో వేలి మొదట్లో పైచర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి చూస్తారు. లింఫెడీమాలో చర్మం దళసరెక్కి మడత లేవదు. లైపిడీమాలో తేలిగ్గా లేస్తుంది. 1976లో రాబర్ట్ స్టెమ్మర్ అనే ఫ్రెంచ్ వైద్యుడు వివరించిన పరీక్ష ఇది. సిరల సంగతి, రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది. చిక్కేమిటంటే ఒకే కాలిలో రెండు జబ్బులు ఉండొచ్చు. లైపిడీమా ఉన్నామెకు వేరికోస్ వెయిన్స్ ఉంటే, లేజర్‌తో ఆ సిరను మూసేస్తే సిర బాధ తగ్గుతుంది, కాలి లావు తగ్గదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆపరేషన్ తర్వాత ఆమెకు మిగిలేది నిరాశే.

లైపిడీమాకు మొదటి చికిత్స కత్తి కాదు. కాలికి సరిపోయేలా అల్లిన బిగుతు మేజోళ్ళు, నీళ్ళలో నడక లాంటి వ్యాయామం, బరువు అదుపు. ఇవి కొవ్వును కరిగించవు గానీ చాలామందికి నొప్పిని, బరువెక్కిన భావనను తగ్గిస్తాయి. ఇవి చాలనప్పుడే లైపోసక్షన్, అంటే కొవ్వును పీల్చి తీసేసే ఆపరేషన్ ప్రస్తావన వస్తుంది.

లైపోసక్షన్ చరిత్ర మొదలైందే ఒక కాలు పోవడంతో. 1920ల్లో ఫ్రెంచ్ సర్జన్ దుజారియే ఒక నర్తకి పిక్కలు సన్నబరచబోయి రక్తనాళాన్ని దెబ్బతీశాడు. చివరికి ఆ కాలే తీసేయాల్సి వచ్చింది. మళ్ళీ 1970ల్లో ఇటలీలో ఫిషర్లు, ఫ్రాన్స్‌లో ఇలూజ్ సన్నని గొట్టంతో కొవ్వు పీల్చే పద్ధతిని ముందుకు తెచ్చారు. అయినా తొలినాటి పద్ధతుల్లో రక్తం బాగా పోయేది, లింఫ్ నాళాలకూ గండమే. లైపిడీమా ఉన్నవారికి అలా చేస్తే కొవ్వు జబ్బు మీద లింఫెడీమా వచ్చి కూర్చుంటుందని వైద్యులు భయపడటంలో తప్పులేదు.

ఆ పరిస్థితిని మార్చింది ఉప్పునీళ్ళు. కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన పద్ధతిలో, లిడోకైన్ అనే తిమ్మిరి మందు, అడ్రినలిన్ కలిపిన పలచని సెలైన్‌ను ముందుగా కొవ్వు పొరలోకి లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. కాలు రాయిలా బిగుసుకుంటుంది. అడ్రినలిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తస్రావం బాగా తగ్గిపోతుంది. లిడోకైన్ వల్ల పూర్తి మత్తు లేకుండానే పని జరిగిపోవచ్చు. మామూలుగా అడ్రినలిన్ కలిపిన లిడోకైన్‌ను కిలో శరీర బరువుకు 7 మిల్లీగ్రాములకు మించి ఇవ్వరు. ఇంత పలచన చేసి కొవ్వులోకి ఎక్కిస్తే 35 మిల్లీగ్రాముల వరకూ శరీరం తట్టుకుంటుందని క్లైన్ చూపించాడు. కొవ్వులో రక్తప్రసరణ తక్కువ కాబట్టి మందు నింపాదిగా రక్తంలోకి చేరుతుంది. రక్తంలో దాని స్థాయి గరిష్ఠానికి చేరేది ఎక్కించిన పది, పన్నెండు గంటల తర్వాత, అంటే రోగి థియేటర్ నుంచి బయటికి వచ్చి చాలాసేపు అయ్యాక. ఆ రాత్రి కనిపెట్టుకుని ఉండాలనేది ఇందుకే.

రెండో మార్పు గొట్టం కదిలించే తీరులో వచ్చింది. కాలిలో లింఫ్ నాళాలు ఎక్కువగా పొడవునా, కింది నుంచి పైకి సాగుతాయి. మొద్దు మొన ఉన్న సన్నని గొట్టాన్ని, జుట్టును వాలు వైపే దువ్వినట్టు, కాలి పొడవునా నడిపితే నాళాలు పక్కకు తప్పుకుంటాయి. అడ్డంగా తిప్పితే తెగుతాయి. మృతదేహాల కాళ్ళ మీద చేసిన పరిశీలనల్లో ఈ తేడా కనిపించింది. ఇప్పుడు సన్నగా కంపించే గొట్టాలు, నీటి ధారతో కొవ్వును విడదీసే యంత్రాలు వాడుతున్నారు. యంత్రాల పేర్లు ప్రకటనల్లో మోగిపోతుంటాయి కానీ, యంత్రం కన్నా దాన్ని పట్టుకున్న చేతికి లింఫ్ నాళాల దారి తెలియడం ముఖ్యం.

ఒక్కసారితో ఇది అయిపోదు. రెండు కాళ్ళకూ కలిపి రెండు నుంచి నాలుగు విడతలు పట్టొచ్చు, మధ్యలో వారాలో నెలలో విరామం. ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే దాన్ని భారీ లైపోసక్షన్‌గా లెక్కవేసి, ఆస్పత్రిలో ఉంచి కనిపెట్టాలంటారు. ఒంట్లో నీటి లెక్క తప్పడం, సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం, కొవ్వు కణాలు రక్తంలో కలవడం, ఇన్‌ఫెక్షన్... ఇవి అరుదు కావచ్చు, వస్తే మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. బ్రిటన్‌లోని నైస్, అంటే ఏ చికిత్స ఎప్పుడు చేయాలో సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ, ఈ భయాలన్నీ ప్రస్తావించి, 2022లో ఈ ఆపరేషన్‌ను పరిశోధనలో భాగంగా మాత్రమే చేయాలని చెప్పింది.

జర్మనీ ఇంకో దారిలో వెళ్ళింది. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. లైపిడీమాను చర్మం కనిపించే తీరును బట్టి దశలుగా విడదీస్తారు. మొదటి దశలో పైచర్మం నున్నగా ఉంటుంది, లోపల చిన్న చిన్న గుళికలు తగులుతాయి. రెండో దశలో గుంటలు, గడ్డలు. మూడో దశలో తొడల దగ్గర, మోకాళ్ళ దగ్గర కొవ్వు మడతలుగా వేలాడుతుంది. 2020 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ బీమా లైపోసక్షన్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది, అయితే మూడో దశ వారికే. పైకి ఇది సబబుగానే కనిపిస్తుంది, ఎక్కువ ముదిరినవారికి ముందు అన్నమాట. కానీ నొప్పి ఈ దశల ప్రకారం నడవదు. మొదటి దశలో ఉన్నామె రాత్రిళ్ళు నిద్రపట్టక అల్లాడవచ్చు, మూడో దశలో ఉన్నామెకు నొప్పి ఓర్చుకోగలిగేంతే ఉండొచ్చు. ఆకారాన్ని చూసి నొప్పికి వైద్యం నిర్ణయించడమంటే, ఇది అందం కోసం చేసేదన్న పాత అపోహనే ఇంకో రూపంలో కొనసాగించడం. 2024 నాటి జర్మన్ వైద్య మార్గదర్శకాలు నొప్పినే ఈ జబ్బుకు ముఖ్య లక్షణంగా పెట్టుకున్నాయి. నొప్పి, దానికి దగ్గరి బాధలు లేకుండా కాళ్ళు లావుగా మాత్రమే ఉంటే దాన్ని లైపిడీమా అనడం లేదు.

ఆపరేషన్ పనిచేస్తుందనడానికి చాలాకాలం ఉన్న ఆధారాలు కూడా బలహీనమే. ఆపరేషన్ చేయించుకున్నవారిని పన్నెండేళ్ళ దాకా గమనించిన జర్మన్ పరిశీలనలో నొప్పి, కమిలిపోవడం తగ్గి, చాలామందికి ఆ మేలు నిలిచింది. కానీ పోల్చి చూడటానికి ఆపరేషన్ లేని బృందం అందులో లేదు. ఇందులో ఉత్తుత్తి ఆపరేషన్ చేసి పోల్చడం కుదరదు, కాలు చూస్తేనే తెలిసిపోతుంది. అందుకే, ప్రభుత్వ బీమా ఏ చికిత్సకు వర్తించాలో నిర్ణయించే అక్కడి ఆరోగ్య కమిటీ లిప్‌లెగ్ అనే ట్రయల్ చేయించింది. వందలమందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక బృందానికి లైపోసక్షన్ చేశారు, రెండో బృందానికి మేజోళ్ళు తదితర చికిత్సే కొనసాగించారు. ముఖ్యంగా కొలిచింది నొప్పిని. ఆపరేషన్ బృందంలో మేలు స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. 2025 జులైలో ఆ కమిటీ అన్ని దశల వారికీ బీమా వర్తింపజేయాలని నిర్ణయించింది. షరతులు ఉన్నాయి: ముందు ఆరు నెలలు మామూలు చికిత్స చేసి చూడాలి, ఊబకాయం బాగా ఉంటే దాని సంగతి ముందు చూడాలి.

లింఫెడీమాకు చేసే సర్జరీ దారి వేరు. జపాన్ సర్జన్ ఇసావో కోషిమా పేరు చెప్పగానే గుర్తొచ్చే పద్ధతిలో, 0.8 మిల్లీమీటర్ల కన్నా సన్నని లింఫ్ నాళాన్ని మైక్రోస్కోప్ కింద పక్కనున్న చిన్న సిరకు కలిపి కుట్టి, నిలిచిన ద్రవానికి కొత్త దారి వేస్తారు. వేరేచోటి నుంచి లింఫ్ గ్రంథులను రక్తనాళాలతో సహా తెచ్చి అమర్చడం ఇంకో పద్ధతి. లైపిడీమాలో ద్రవం దారి మూసుకుపోలేదు కాబట్టి ఈ రెండింటితో దానికి పనిలేదు. విచిత్రం ఏమిటంటే లైపోసక్షన్ రెండు జబ్బులకూ పనికొస్తుంది. ఏళ్ళ తరబడి ఉన్న లింఫెడీమాలో ద్రవం స్థానంలో కొవ్వు, గట్టిపడిన కణజాలం పేరుకుంటాయి. స్వీడన్‌లోని మాల్మోలో హోకన్ బ్రోర్సన్ దాన్ని లైపోసక్షన్‌తో తీసి, చేతినో కాలినో రెండో దాని కొలతకు తేగలిగాడు. అయితే ఆ రోగులు రాత్రింబవళ్ళు, జీవితాంతం బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి. లింఫ్ నాళాల లోపం అలాగే ఉంది కాబట్టి వదిలేస్తే వాపు తిరిగొస్తుంది. లైపిడీమా వారికి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు మేజోళ్ళు తప్పనిసరి, ఆ తర్వాత చాలామందికి వాటి అవసరం తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది.

తీసేసిన కొవ్వు కణాలు మళ్ళీ పుట్టుకురావు గానీ, మిగిలిన కణాలు ఒళ్ళు పెరిగితే ఉబ్బుతాయి. కొవ్వు ఎక్కువగా తీసినచోట చర్మం వదులై వేలాడితే, దాన్ని కత్తిరించడానికి ఇంకో ఆపరేషన్ పట్టొచ్చు, దాని మచ్చ పొడవుగానే ఉంటుంది. ఇవన్నీ తెలిసి ఒప్పుకునే ముందు, ఏ నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు వేసుకున్న అంకెను కేస్ షీట్‌లో రాయించుకోవడం మంచిది. ఏడాది తర్వాత పోల్చి చూసుకోవాల్సింది ఫొటోలతో కాదు, ఆ అంకెతో.