‘ఆల్ సీజన్’ అన్న పేరును నమ్మి మంచులోకి వెళ్లేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా అక్టోబరు చివరి వారం రాగానే నా ఫోనుకు ఒకే ప్రశ్న రావడం మొదలవుతుంది. అడిగేవారు మారుతుంటారు గాని ప్రశ్న మారదు: “అన్నా, మా కారుకు ఆల్ సీజన్ టైర్లే ఉన్నాయి కదా, మళ్లీ చలికాలం టైర్లు ఎందుకు?” ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో టైర్ల పరీక్షలే వృత్తిగా పద్దెనిమిదేళ్లుగా బతుకుతున్నవాణ్ని కనుక, మనవాళ్ల వాట్సాప్ బృందాలలో ఈ విషయం మీద తిరిగే మాటలు చూసినప్పుడల్లా నాకు విసుగు వస్తుంది. అడిగేవారి మీద మాత్రం ఆ విసుగు లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో కారు నేర్చుకుని, ఆగస్టులో ఇక్కడ దిగి, సెప్టెంబరులో పాత కొరొల్లా ఒకటి కొనుక్కున్న విద్యార్థికి డిసెంబరు రోడ్డు ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు. భయపడటం అతని తప్పు కాదు. ఆ భయాన్ని “ఏం కాదులే, ఆల్ సీజనే కదా” అంటూ చల్లార్చేవారిదే తప్పు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఆల్ సీజన్ అంటే అన్ని కాలాలూ, అంటే మంచు కురిసే కాలం కూడా.

వాస్తవం: ఇది ఒక వ్యాపార నామం. అమెరికాలో ఈ పేరుకు ప్రాచుర్యం తెచ్చినది 1977లో గుడ్‌ఇయర్ విడుదల చేసిన టియెంపో టైరు. అంతకు ముందు ఉత్తరాది రాష్ట్రాలవారు చలికాలం రాగానే వెనుక చక్రాలకు స్నో టైర్లు బిగించి, వసంతంలో విప్పేసేవారు. ఏటా రెండుసార్లు ఆ పని చేయనక్కరలేదన్న సౌకర్యమే ఆల్ సీజన్ టైరును జనానికి దగ్గర చేసింది. ఆ సౌకర్యం నిజమే. ఎండలో, వానలో, తేలికపాటి చలిలో, అప్పుడప్పుడూ పడి మధ్యాహ్నానికి కరిగిపోయే పలుచని మంచులో అది బాగానే నడుస్తుంది. అంతకు మించిన మాట ఆ పేరులో లేదు.

సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్కభాగం మీద, ఉండే ఎం ప్లస్ ఎస్ (M+S, అంటే మడ్ అండ్ స్నో) గుర్తును చూపించి “ఇందులో ఎస్ అంటే స్నోనే కదా” అని వాదించేవారు ఉన్నారు. ఆ గుర్తు వేయడానికి టైరును మంచు మీద ఒక్క గజం కూడా నడిపి చూడవలసిన పని లేదు. ట్రెడ్‌లో, అంటే టైరు నేలను తాకే భాగంలో, గాడుల అమరిక ఫలానా విధంగా ఉండి, అందులో కనీసం 25 శాతం ఖాళీ ఉంటే తయారీదారు తనంతట తానే ఆ అక్షరాలు అచ్చు వేసుకోవచ్చు. రబ్బరు ఏ రకమో, చలికి అది ఎంత బిరుసెక్కుతుందో ఆ అక్షరాలు చెప్పవు.

నిజంగా మంచు మీద పరీక్షించిన టైరును గుర్తుపట్టాలంటే మరో బొమ్మ కోసం చూడాలి. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు ఉండే ఆ గుర్తు 1999 నుంచి వాడుకలో ఉంది. గట్టిగా తొక్కిన మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితే గాని ఆ గుర్తు రాకూడదన్నది తొలి నియమం. దీనికీ ఒక హద్దు ఉంది, దాన్ని అమ్మకందారులు సాధారణంగా చెప్పరు. అమెరికాలో ఆ పరీక్ష కొలిచేది బండి ముందుకు లాగేటప్పటి పట్టును మాత్రమే. బ్రేకు వేసినప్పుడు ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో ఎంతవరకు నిలుస్తుంది, గడ్డకట్టిన నీటి మీద ఏమవుతుంది అన్నవి ఆ పరీక్షలో లేవు. అందువల్ల కొండ గుర్తు ఉన్న టైర్లన్నీ ఒక్క స్థాయివి కావు. నికార్సయిన చలికాలం టైరుకూ, ఈ మధ్య ‘ఆల్ వెదర్’ పేరుతో వస్తున్న టైరుకూ రెండింటికీ అదే గుర్తు ఉంటుంది.

ఇక్కడే మనవాళ్లకు రెండో తికమక. ‘ఆల్ సీజన్’, ‘ఆల్ వెదర్’ అన్న రెండు మాటలు మన చెవికి ఒకేలా వినిపిస్తాయి. దుకాణంలో అవి వేరువేరు సరుకులు. ఆల్ వెదర్ అని అమ్మేవాటికి సాధారణంగా కొండ గుర్తు ఉంటుంది, ఏడాది పొడవునా ఉంచుకోవచ్చు. ఆల్ సీజన్ అని అమ్మేవాటిలో చాలావాటికి ఉండదు. పేరు చదివి నిర్ణయించుకోకుండా టైరు పక్కన కూర్చుని ఆ బొమ్మ ఉందో లేదో వేలితో తడిమి చూసుకోమని నేను అందరికీ చెబుతాను.

రబ్బరు సంగతి చెప్పడానికి మన ఇళ్లలోని కొబ్బరినూనె సీసా చాలు. వేసవిలో నీళ్లలా జారే నూనె సంక్రాంతి ఉదయాన సీసా తలకిందులు చేసినా దిగదు. టైరు రబ్బరు అలా గడ్డకట్టదు గాని చలికి బిరుసెక్కడం మాత్రం నిజం. రోడ్డు మీది సన్నని ఎత్తుపల్లాలలోకి ఒదిగి పట్టుకోవలసిన రబ్బరు బిరుసెక్కితే పైపైన జారిపోతుంది. చలికాలం టైరుకు వాడే మిశ్రమం సున్నా కంటే కింద కూడా మెత్తగా ఉండేలా తయారవుతుంది. ఆల్ సీజన్ మిశ్రమం టెక్సస్ ఎండకూ మిషిగన్ చలికీ మధ్య రాజీ. ఆ రాజీలో ఎక్కువ మొగ్గు ఎటువైపు అన్నది 70,000, 80,000 మైళ్ల హామీ చూస్తేనే అర్థమవుతుంది. అంత కాలం అరగకుండా ఉండే రబ్బరు జనవరి తెల్లవారుజామున మెత్తగా కూడా ఉండాలని కోరుకోవడం అత్యాశ. ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టుండే సన్నని చీలికలు కూడా ముఖ్యమే, ఎందుకంటే మంచు మీద పట్టు చాలావరకు మంచుకూ మంచుకూ మధ్య పుట్టేదే. ఆ చీలికల్లో, గాడుల్లో ఇరుక్కున్న మంచు నేల మీది మంచును పట్టుకుంటుంది. పిల్లలు మంచు ఉండలు చేసేటప్పుడు జరిగేది ఇదే.

ఇదంతా పుస్తకాల్లో చదివి వచ్చినవాడినే అయినా నాకు బుద్ధి వచ్చింది మాత్రం రోడ్డు మీదే. ఉద్యోగంలో చేరిన తొలి జనవరిలో, నెల క్రితమే కొన్న ఆల్ సీజన్ టైర్లతో, హైవే నుంచి దిగే వాలు దారిలో గంటకు 25 మైళ్ల వేగంతో వస్తూ సిగ్నల్ చూసి బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ గరగరమని వణికింది. యాంటీ లాక్ బ్రేకు (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పని చేసేటప్పుడు అలాగే వణుకుతుందని కాగితం మీద తెలిసిన నేను, ఆ క్షణంలో బ్రేకు విరిగిందేమోనని కాలు తీసేశాను. కారు తీరిగ్గా పక్కకు తిరిగి ఫుట్‌పాత్ అంచును గుద్దుకుంది. రిమ్ము వంగింది, నాకు దెబ్బ తగలలేదు, ముందు మరో బండి లేదు. టైర్ల మీద జీతం తీసుకునేవాడి కారు టైర్ల వల్లే పక్కకు తిరిగిందని మా విభాగంలో చాలాకాలం నవ్వుకున్నారు.

తరువాత ఆలోచిస్తే మన భాష కూడా మనల్ని కొంత మోసం చేస్తుందనిపించింది. మనకు అన్నీ మంచే. లంబసింగి లోయలో పొద్దున కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద పడేదీ మంచే, సినిమాలో స్విట్జర్లాండ్ కొండల మీద కనిపించేదీ మంచే. రోడ్డు మీద ఇవి వేరువేరు శత్రువులు. అప్పుడే పడిన పొడి మంచు మీద మంచి ట్రెడ్ ఉన్న ఆల్ సీజన్ కూడా నెమ్మదిగా నెట్టుకొస్తుంది. వందల బండ్లు తొక్కి నున్నగా చేసిన మంచు మీద కొండ గుర్తు తేడా తెలుస్తుంది. కరిగీ కరగని బురద మంచులో గాడుల లోతు ముఖ్యం. కంటికి కనిపించకుండా తారు రంగులోనే ఉండే నల్లమంచు మీద, ట్రెడ్‌లో చిన్న లోహపు మేకులు బిగించని టైరు ఏదైనా సరే పెద్దగా ఆదుకోలేదు, పైగా ఆ గడ్డ సున్నా దగ్గర ఉన్నప్పుడే, అంటే పైపొర కాస్త తడిగా ఉన్నప్పుడే, మరీ జారుతుంది. 2021 ఫిబ్రవరి 11న డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో, సన్నని జల్లు పడి రోడ్డు మీద గడ్డకట్టిన ఉదయాన 130కి పైగా వాహనాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆరుగురు చనిపోయారు. అలాంటి రోజున ఏ టైరు కొనాలని నన్ను అడిగితే, ఇంట్లో ఉండమనే చెబుతాను.

మరి ఎవరికి ఏవి? నా లెక్క ఇది. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్, అట్లాంటా, బే ఏరియా వారికి మంచి ఆల్ సీజన్ చాలు, అక్కడ వాన మీద పట్టు చూసి కొనండి. న్యూజెర్సీ, వర్జీనియా ఉత్తర భాగం, కొలంబస్, పిట్స్‌బర్గ్ వంటి చోట్ల ఉంటూ, రెండో జత (అంటే మరో నాలుగు) టైర్లు పెట్టుకోవడానికి అపార్ట్‌మెంటులో చోటు లేనివారికి కొండ గుర్తున్న ఆల్ వెదర్ ఒక్క జత సరైన ఎంపిక. విద్యార్థులలో ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే. బఫలో, మిషిగన్ ఉత్తరం, మినియాపొలిస్ వారికి, తెల్లవారకముందే ఆసుపత్రి డ్యూటీకి వెళ్లవలసినవారికి, చలికాలానికి వేరే జత ఉండాలి. రెండు జతలకు రెట్టింపు ఖర్చని వెనుకాడతారు గాని, ఒకటి తిరుగుతున్నప్పుడు రెండోది అరగదు. కెనడాలోని క్యుబెక్‌లో ఉన్నవారికి ఈ చర్చే లేదు: డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చట్టమే తప్పనిసరి చేసింది, కొండ గుర్తు గాని మేకులు గాని లేనిదాన్ని చలికాలం టైరుగా ఒప్పుకోదు. బే ఏరియా నుంచి టాహో సరస్సుకు వెళ్లేవారు మాత్రం ఇంటి దగ్గరి వాతావరణం చూసి నిశ్చింతగా ఉండకూడదు. కొండ దారిలో చక్రాలకు గొలుసులు చుట్టాలన్న నిబంధన పెట్టిన రోజున డిక్కీలో గొలుసులు లేకపోతే వెనక్కి పంపేయవచ్చు.

అపోహ: మాది ఆల్ వీల్ డ్రైవ్, టైర్లు ఏవైనా ఫరవాలేదు.

వాస్తవం: నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందితే బండి కదలడం సులువవుతుంది. ఆగడానికి ప్రతి కారుకూ నాలుగు చక్రాలకు బ్రేకులు ముందునుంచే ఉన్నాయి, కాబట్టి ఆపడంలో మీ బండికి అదనంగా వచ్చింది ఏమీ లేదు. పైగా సులువుగా వేగం అందుకుంటుంది కనుక రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు ఆలస్యంగా తెలుస్తుంది. తొలి మంచు రోజున గుంటల్లో కనిపించే ఎస్‌యూవీలను లెక్కపెట్టడం మా వీధిలో ఒక సరదా అయిపోయింది.

మిగిలినవి క్లుప్తంగా. ముందు రెండు చక్రాలకే చలికాలం టైర్లు వేయించుకుంటామంటే వద్దు. ముందు పట్టు ఉండి వెనుక లేకపోతే బ్రేకు తొక్కగానే కారు తోక ముందుకు తిరుగుతుంది, వేస్తే నాలుగూ వేయాలి. చలికాలం టైర్లను జులైలో కూడా ఉంచేస్తే ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది, వేడి రోడ్డు మీద ఆగే దూరమూ పెరుగుతుంది. నైట్రోజన్ నింపిస్తే చలికి గాలి తగ్గదనేది ఉత్త మాట, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) తగ్గుతుంది, ఏది నింపినా. నవంబరులో ఒక ఉదయం డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగగానే పంక్చరేమోనని కంగారుపడి ఫోను చేసేవారు చాలామంది. చలికి గాలి ముడుచుకుందంతే, డ్రైవరు తలుపు పక్కన రాసి ఉన్న కొలతకు నింపుకుంటే సరిపోతుంది. అయితే ఆ కొలతకు 25 శాతం తగ్గితే గాని లైటు వెలగకపోవచ్చు కాబట్టి, లైటు లేనంత మాత్రాన గాలి సరిగ్గా ఉన్నట్టు కాదు.

“ట్రెడ్ ఇంకా ఉంది” అన్న మాట మీద కాస్త ఆగాలి. చాలా రాష్ట్రాలలో చట్టం ఒప్పుకునే కనీస లోతు 2/32 అంగుళం. పెన్నీ (ఒక సెంటు నాణెం) మీది లింకన్ తలను గాడిలోకి కిందికి పెట్టి చూసేది ఆ లోతు కోసమే. ఆ లోతు దగ్గర వాననీటి మీదే కారు తేలి జారిపోవచ్చు. క్వార్టరు (25 సెంట్ల నాణెం) మీది వాషింగ్టన్ తలతో చూస్తే 4/32 తెలుస్తుంది, వాన కోసం నేను చూసుకునే హద్దు అది. మంచులో తిరగవలసిన టైరుకు 6/32 కన్నా తగ్గితే నాకు నమ్మకం ఉండదు. కొత్త ఆల్ సీజన్ టైరు సుమారు 10/32తో మొదలవుతుంది గనుక, సగం అరిగిన టైరు చట్టం ప్రకారం నిక్షేపంగా ఉన్నా మంచుకు పనికిరాదన్నమాట. పాత టైర్లు చవకగా దొరికాయని కొనే విద్యార్థులు సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటారు. కొనక తప్పకపోతే లోతుతోపాటు డాట్ సంఖ్య (టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యేది) చివరి నాలుగు అంకెలు చూడండి: 3819 అంటే 2019వ సంవత్సరం 38వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటినదాన్ని నేనైతే మా ఇంటి కారుకు వేయను.

కిందటి నవంబరులో గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఫోను చేసింది. భర్త ఉద్యోగం పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు, ఏడాది పిల్లవాణ్ని రోజూ డేకేర్‌కు దింపాలి, బంధువొకరు “ఆల్ సీజన్ చాలు, అనవసరంగా డబ్బు పోసుకోకు” అన్నారట. “అన్నయ్యా, నాకు బండి నడపడమే భయంగా ఉంది, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?” అని అడిగింది. లేదమ్మా, సరిగ్గానే ఆలోచిస్తున్నావు అని చెప్పి, టైరు సైడ్‌వాల్ ఫొటో తీసి పంపమన్నాను. కొండ గుర్తు లేదు, ట్రెడ్ 5/32 దగ్గర ఉంది. ఆ శనివారమే ఆల్ వెదర్ టైర్లు నాలుగు వేయించుకుని, మంచు పడిన మొదటి ఆదివారం ఉదయం ఖాళీ పార్కింగ్ స్థలానికి వెళ్లి, గంటకు 15 మైళ్ల వేగంలో పదిసార్లు గట్టిగా బ్రేకు తొక్కి చూడమన్నాను. కాలి కింద పెడల్ వణికితే కాలు తీయవద్దని కూడా మరిచిపోకుండా చెప్పాను.