అక్కి మానినా నొప్పి ఎందుకు పోదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో చర్మవ్యాధుల డాక్టరుగా నేను చూసే అక్కి కేసుల్లో, పొక్కులు మానాక వచ్చేవాళ్లే ఎక్కువ బాధలో ఉంటారు. అందుకే వాళ్ల సంగతి ముందు చెబుతాను.

అపోహ: పొక్కులు రాలిపోయాయంటే జబ్బు పోయినట్టే. ఇంకా నొప్పి అంటే అది మనసులోదే.

వాస్తవం: అక్కి అసలు నరం జబ్బు. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు (ఆటలమ్మే) ఒంట్లో చేరిన వైరస్ వెన్నుపాము పక్క నరాల ముడుల్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. వయసు మీదపడి నిరోధక శక్తి తగ్గాక ఒక నరం వెంబడి పైకి వస్తుంది. చర్మం రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతుంది, దెబ్బతిన్న నరం అంత త్వరగా మానదు. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటాం. 60 దాటినవాళ్లలో ఇది ఎక్కువ.

చొక్కా తగిలినా ఓర్చుకోలేరు. రాత్రి నిద్ర పట్టదు, పగలంతా విసుగు. మెల్లగా పెళ్లిళ్లకు, గుడికి పోవడం మానేస్తారు. "పైకి ఏమీ లేదు కదమ్మా, ఊరికే అంటావు" అని పిల్లలు అనడం వింటూ ఉంటాను. దయచేసి ఆ మాట అనొద్దు. ఆ నొప్పి నిజం, దానికి మందులున్నాయి. మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతాం. గుణం కనపడటానికి వారాలు పడుతుంది, రెండు రోజులకే ఆపేయకండి. మత్తుగా, తూలుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు రాత్రి లేస్తే పక్కన మనిషి ఉండాలి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ నొప్పి తగ్గుతుంది.

అపోహ: ముందు అక్కి రాయిద్దాం, తగ్గకపోతే ఆస్పత్రికి పోదాం.

ఎర్రమన్నుతో రాయించుకునే నమ్మకాన్ని నేను తప్పుపట్టను. నా బాధ ఆలస్యం గురించి. అసైక్లోవిర్ లాంటి, వైరస్‌ను అణిచే మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పగిలిన పొక్కులమీద మన్ను పడితే చీము పట్టొచ్చు. నుదుటిమీద, కంటిచుట్టూ, ముక్కు కొనమీద వస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి, చూపు పోయే ప్రమాదం ఉంది.

నడుం చుట్టూ పొక్కుల వరుస పాములా తిరిగి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందన్నది వట్టి భయం. ఒక నరం ఒంటికి ఒక పక్కనే ఉంటుంది కాబట్టి అక్కి సాధారణంగా నడిమధ్య దాటదు. పథ్యాలూ అక్కర్లేదు, స్నానం చేయొచ్చు.

"కొండకు పోవచ్చా సార్?" అని అందరూ అడుగుతారు. పొక్కులు పూర్తిగా చెక్కు కట్టేదాకా ఆగండి. పొక్కుల్లోని నీరు తగిలితే అంతకుముందు ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు, క్యూలో పసిబిడ్డలు, గర్భిణులు ఉంటారు. తలమీద అక్కి ఉంటే తలనీలాలు పుండ్లు మానాకే ఇవ్వండి.

అపోహ: ఒకసారి వస్తే మళ్లీ రాదు.

రావచ్చు. 50 దాటినవాళ్లకు టీకా ఉంది, మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఖరీదు ఎక్కువే. ఒకసారి అక్కి వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవచ్చు, ఎప్పుడన్నది మీ డాక్టరును అడగండి.