గాజు కింద బిగిసింది, అంచున జిగట ఎందుకు?

పర్లాకిమిడి బజారులో ఫోన్లు బాగుచేసే కుర్రాడు, నా పాత శిష్యుడు, మొన్న అడిగాడు. "మాస్టారూ, యూవీ లైటు పడితే బిగిసే జిగురు ఇది. అదే సీసా, అదే లైటు. ఫోను గాజు కింద జిగురు నిమిషంలో రాయిలా బిగుస్తోంది. అంచున కారింది మాత్రం వేలికి అంటుకుంటూనే ఉంది. సరుకు కల్తీదంటారా?" పక్క కొట్టాయన దిష్టి తగిలిందని నిమ్మకాయ మార్పించాడట. సరుకు మంచిదే. దిష్టీ కాదు. ఇదంతా గాలి చేసే పని.

ఈ జిగురు ఆరదు, అల్లుకుంటుంది. ఫెవికాల్‌లో నీరు ఎగిరిపోవాలి, ఇందులో ఎగిరేదేమీ లేదు. జిగురులో ముఖ్యమైన సరుకు అక్రిలేట్. దాని అణువుని చేతులు కట్టుకు నిలబడ్డ పిల్లాడనుకోండి. ఆ కట్టుకున్న చేతులే ద్విబంధం. జిగురులో కొంచెం ఫొటో ఇనీషియేటర్ కలిపి ఉంటుంది. 365 లేదా 395 నానోమీటర్ల కాంతి పడగానే అది చీలుతుంది. ముక్కకి ఒక చెయ్యి ఖాళీ, అదే ఫ్రీ రాడికల్. అది ఒక పిల్లాడి చెయ్యి పట్టి లాగితే వాడి రెండో చెయ్యి ఖాళీ అవుతుంది. వాడు పక్కవాణ్ణి లాగుతాడు. క్షణంలో వేల చేతుల గొలుసు! కొన్ని అణువులకి ఇలాంటి జతలు రెండు మూడు ఉంటాయి, అందుకే గొలుసులు వలగా ముడిపడతాయి. బళ్లో ఇలాంటి గొలుసుకి, అంటే పాలిమర్‌కి, బ్రాకెట్టు గీసి పక్కన 'ఎన్' పెట్టి వదిలేస్తాం. ఆ ఖాళీ చెయ్యి చూపిస్తేనే కదా పాఠం!

ఆక్సిజన్‌కి రెండు చేతులూ ఖాళీయే. గొలుసు చివరి చేతిని అది అక్రిలేట్ కన్నా లక్ష రెట్ల స్థాయి వేగంతో పట్టేస్తుంది. మిగిలిన రెండో చెయ్యి పెరాక్సీ రాడికల్. ఇంకొకణ్ణి లాగే సత్తువ దానికి లేదు. ఆట ఆగింది.

గాజు కింద కరిగి ఉన్న ఆక్సిజన్ కొంచెమే. మొదటి రాడికల్స్ దానికి బలైపోతాయి, కొత్తది లోపలికి రాదు, గొలుసు సాగుతుంది. అంచున అలా కాదు. ఖర్చయినంతా గాలి మళ్లీ నింపుతుంది, గాలిలో 21 శాతం అదే మరి.

బరంపురం నుంచి వచ్చిన శుభలేఖ ఒకటి నా బల్లమీద ఉంది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా, వినాయకుడి మీద మాత్రం మెరుపు పూత. ఆ పూతదీ ఇదే రసాయనం, కానీ కష్టం ఎక్కువ. అంత పల్చటి పొరలో లోపలంటూ ఏముంది, అంతా అంచే! అందుకే ప్రెస్సుల్లో లైటు బలం పెంచుతారు, ఆక్సిజన్ చొరబడే వేగం కన్నా రాడికల్స్ పుట్టే వేగం మించాలి. లేదా నైట్రోజన్ ఊదుతారు. లేదా అమీన్ అనే నైట్రోజన్ ఉన్న రసాయనం కలుపుతారు. నీరసపడ్డ పెరాక్సీ కూడా అమీన్ నుంచి హైడ్రోజన్ లాక్కోగలదు, అప్పుడు అమీన్‌కి చెయ్యి ఖాళీ అయి ఆట మళ్లీ మొదలవుతుంది. పళ్ల డాక్టర్లు ఫిల్లింగ్ మీద గ్లిజరిన్ రాసి నీలి లైటు పెట్టేదీ గాలి తగలకుండానే.

కుర్రాడికి రెండు మాటలు చెప్పాను. పచ్చి జిగురు వేలితో తాకొద్దు, చర్మానికి అలర్జీ రావచ్చు. కారింది ముందు తుడిచెయ్యి, తుడవడానికి వీల్లేని చోట పారదర్శకమైన టేపు అంటించి ఆపైన లైటు పెట్టు. నా ముందే ఒక అంచుకి టేపు వేశాడు, రెండోది వదిలేశాడు. లైటు తీసి, టేపు పీకి, పుల్లతో రెండూ తట్టాడు. రెండో అంచున పుల్ల అంటుకుంది. టేపు వేసినచోట టక్కుమంది.