సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో వ్యాయామం, కళ్లె తీయడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పిల్లవాడు బాగా ఆడుతూ పరుగెడుతుంటే కళ్లె తీసే శ్వాస వ్యాయామాలు అక్కర్లేదు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లలతో పనిచేసే తిరుపతి ఫిజియోథెరపిస్టుగా నేను తరచుగా వినే మాట ఇది. "మొన్న అలిపిరి మెట్లన్నీ ఎక్కేశాడు, ఇంకా ఇవెందుకు?" అని తల్లిదండ్రులు సంతోషంగా అడుగుతారు. ఆ సంతోషంలో నేనూ పాలుపంచుకుంటాను, ఎందుకంటే 3,550 మెట్లు ఎక్కగలగడం ఊపిరితిత్తుల శక్తికి మంచి గుర్తు. ఎక్కేటప్పుడు శ్వాస లోతుగా, వేగంగా సాగడం వల్ల గాలిగొట్టాల గోడలకు అంటుకున్న కళ్లె వదులవుతుంది కూడా. అయితే కళ్లె వదులు కావడం వేరు, బయటికి రావడం వేరు. ఈ వ్యాధిలో సీఎఫ్‌టీఆర్ జన్యువు లోపం వల్ల కణాల నుంచి క్లోరైడు (ఉప్పులోని ఒక భాగం), దాని వెంట నీరు సరిగా రాక కళ్లె జిగటగా మారుతుంది. అది నిలిచిన చోట సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా స్థిరపడుతుంది. అందువల్ల వ్యాయామం, కళ్లె తీసే పద్ధతి రెండూ కావాలి. వైద్య బృందం చెప్పనిదే ఏ ఒక్కటీ మానకూడదు.

ఇంట్లో సులువుగా నేర్చుకోగలిగిన పద్ధతి ఇది. కాసేపు మామూలుగా శ్వాసించాక, మూడు నాలుగు సార్లు నిండుగా గాలి పీల్చి, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆపాలి. ఆ విరామంలో గాలి పక్కదారుల గుండా కళ్లె వెనక్కి చేరుతుంది. తరువాత అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా నోరు తెరిచి 'హా' అని బలంగా వదలాలి. దీన్ని హఫ్ అంటారు. గట్టిగా దగ్గితే గాలిగొట్టాలు నొక్కుకుపోయి కళ్లె లోపలే చిక్కుకోవచ్చు. హఫ్‌లో అలా జరిగేది తక్కువ.

అపోహ: దగ్గు ఆగితే జబ్బు తగ్గినట్టే.

దగ్గును అణచే సిరప్ ఈ పిల్లలకు మేలు చేయదు, ఎందుకంటే లోపలి కళ్లెను బయటికి నెట్టేది ఆ దగ్గే. దగ్గు లేని రోజున కూడా కళ్లె తీయవలసిందే. రక్తం పడినా, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా మాత్రం వ్యాయామం, కళ్లె తీయడం ఆపి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

అపోహ: పసిబిడ్డను తలకిందులుగా వంచి వీపు తడితే కళ్లె జారిపోతుంది.

ఒకప్పుడు మా వృత్తిలోనూ ఇలాగే చేసేవారు. పాలు వెనక్కి పొంగి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉందని తెలిశాక పసిపిల్లల్లో తలను కిందికి వంచడం మానేశారు. దయచేసి ఎవరి సలహా మీదా దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి.

అపోహ: మందు ముందైనా వెనకైనా ఒకటే.

ఉప్పునీటి నెబ్యులైజేషన్ (యంత్రంతో సన్నని తుంపరగా పీల్చడం) కళ్లె తీయడానికి ముందు, యాంటీబయాటిక్ నెబ్యులైజేషన్ ఆ తరువాత ఇస్తారు. దారి శుభ్రమయ్యాకే మందు లోపలికి చేరుతుంది.

అపోహ: ఉప్పు ఎవరికైనా తగ్గిస్తేనే మంచిది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే అపోహ ఇదే. ఈ పిల్లల చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది. ముద్దుపెట్టుకున్నప్పుడు బిడ్డ ఉప్పగా ఉందని తల్లులే ముందు గమనిస్తారు. 1948లో న్యూయార్క్ వడగాడ్పుల్లో ఈ పిల్లలు అధికంగా నీరసించడాన్ని గమనించిన డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్, వారి చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో వెల్లడించారు. ఈ వ్యాధిని నిర్ధారించే నేటి చెమట పరీక్షకు మూలం అదే. నలభై డిగ్రీలు దాటే మన తిరుపతి ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే వ్యాయామం ముగించి, వైద్యులు చెప్పిన మేరకు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో ముందూ వెనుకా తాగించాలి.