క్లాసికల్ విద్య: టీచర్‌కు నేర్పేది ఎవరు?

లాటిన్, తర్కం, వక్తృత్వం, ప్రాచీన గ్రంథాల పఠనం. వీటిని చదువుకు కేంద్రంగా పెట్టుకున్న ‘క్లాసికల్ స్కూళ్లు’ అమెరికాలో గత నలభై ఏళ్లుగా పెరుగుతూ వస్తున్నాయి. సిలబస్ తయారు చేసుకోవడం వాటికి పెద్ద కష్టం కాలేదు. ఆ పద్ధతిలో పాఠం చెప్పగల టీచర్లను తయారు చేసుకోవడమే కష్టమైంది. ఇలా ఎందుకైందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ప్లేటో రాసిన ‘మెనో’ అనే సంభాషణలో సోక్రటీస్ ఒక బానిస కుర్రాడికి చతురస్రం గీసి చూపిస్తాడు. భుజం రెండు అడుగులు, వైశాల్యం నాలుగు. వైశాల్యం రెట్టింపు కావాలంటే భుజం ఎంత ఉండాలి? కుర్రాడు తడుముకోకుండా ‘నాలుగు’ అంటాడు. లెక్క చూస్తే పదహారు వస్తుంది. ‘మూడు’ అంటాడు. తొమ్మిది వస్తుంది. ఇక తెలియదని చేతులెత్తేస్తాడు. సోక్రటీస్ అప్పుడు కూడా జవాబు చెప్పడు. తనకు తెలియదని తెలుసుకోవడం వల్ల కుర్రాడికి మేలే జరిగిందని పక్కనున్న అతని యజమాని మెనోతో అని, కర్ణం గీసి, మళ్లీ ప్రశ్నలతోనే అతన్ని జవాబు దాకా నడిపిస్తాడు. చదవడానికి ఇది చాలా తేలిగ్గా ఉంటుంది. చేయాలంటే మాత్రం విషయం లోతుగా తెలిసి ఉండాలి, పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందే ఊహించాలి, క్లాసులో మౌనాన్ని భరించాలి. కొత్త టీచర్లను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ మూడోదే. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడకపోతే జవాబు నోరు జారిపోతుంది.

రోమ్‌లో క్రీస్తుశకం మొదటి శతాబ్దపు చివర్లో క్వింటీలియన్ అనే వక్తృత్వ గురువు 12 సంపుటాల్లో వక్త శిక్షణ గురించి రాశాడు. పిల్లల్ని కొట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. సన్నమూతి పాత్రలో నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే బయటికే పోతాయి, పిల్లల బుర్రకూ కొద్దికొద్దిగానే పోయాలి అన్నాడు. నాలుగో శతాబ్దానికి చెందిన ఆఫ్థోనియస్ అనే గ్రీకు వక్తృత్వ గురువు పుస్తకంలో 14 రచనాభ్యాసాలు వరుసగా ఉంటాయి. నీతికథతో మొదలై, ఖండన, సమర్థన, పోలిక, వర్ణన మీదుగా చట్టంపై వాదన దాకా వెళ్తాయి. ప్రతిదానికీ ఒక నమూనా ఉంటుంది. ముందు నమూనా చూడటం, తర్వాత అనుకరించడం, ఆ తర్వాతే సొంతంగా రాయడం.

మధ్యయుగ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్ డిగ్రీకి, బోధించే అర్హతకు మధ్య పెద్ద తేడా లేదు. విద్యార్థి గురువు ముందు వాదోపవాదాల్లో నిలబడి నిలబడి, చివరికి తానే వాటిని నడిపే స్థాయికి వచ్చేవాడు. జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసి సంఘం వారు 1599లో ఖరారు చేసిన విద్యా నియమావళి ఇంకో అడుగు ముందుకు వేసింది. చదువు ముగించబోతున్న కాబోయే ఉపాధ్యాయులు, బోధనలో బాగా ఆరితేరిన ఒకరి దగ్గరికి వారానికి మూడుసార్లు, గంట చొప్పున వెళ్లాలి. పాఠం విడమరిచి చెప్పడం, డిక్టేషన్ ఇవ్వడం, తప్పులు దిద్దడం అక్కడ సాధన చేయాలి. నాలుగు వందల ఏళ్ల కిందటి ఈ నియమం, ఇప్పటి చాలా వర్క్‌షాప్‌ల కంటే టీచర్ అవసరాన్ని బాగా అర్థం చేసుకుందని నా అభిప్రాయం.

ఆ పరంపర తర్వాత సన్నబడింది. 1839లో మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో అమెరికా తొలి ప్రభుత్వ నార్మల్ స్కూల్ (టీచర్లకు శిక్షణ ఇచ్చే బడి) మొదలయ్యాక టీచర్ ట్రైనింగ్ ప్రత్యేక రంగంగా ఎదిగింది. 1901లో మనస్తత్వ శాస్త్రవేత్తలు థార్న్‌డైక్, వుడ్‌వర్త్‌ల ప్రయోగాలు, ఒక పనిలో వచ్చిన నైపుణ్యం వేరే పనికి అంతగా అక్కరకు రాదని చూపాయి. లాటిన్ చదివితే బుద్ధికి మొత్తంగా పదును వస్తుందన్న పాత వాదన దాంతో బాగా దెబ్బతింది. లాటిన్ తగ్గింది, దాంతోపాటే దాన్ని బోధించే నేర్పూ తగ్గింది.

1947లో ఆంగ్ల రచయిత్రి డొరతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం ఇప్పటి క్లాసికల్ స్కూళ్ల పునరుద్ధరణకు బీజం వేసింది. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు మెట్లను ఆమె పిల్లల ఎదుగుదల దశలతో జోడించారు. అయితే తన ఊహాపాఠశాలలో టీచర్లందరికీ ఆ పద్ధతి క్షుణ్ణంగా తెలుసని ముందే అనేసుకున్నారు. 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కోలో లోగోస్ స్కూల్ మొదలైనప్పుడు, ఆ తర్వాత వచ్చిన బడుల్లోనూ, ఎదురైన అడ్డంకి సరిగ్గా అదే. టీచర్లు తాము ఎన్నడూ కూర్చోని క్లాసును తామే నడపాల్సి వచ్చింది. కొన్నిచోట్ల మొదటి మెట్టు వల్లెవేతకు, చివరి మెట్టు స్టేజీ ప్రసంగానికి కుదించుకుపోవడానికి ఇదే కారణమని నేను అనుకుంటాను.

1982లో అమెరికన్ తత్వవేత్త మార్టిమర్ ఆడ్లర్ బోధనను మూడుగా విడదీశారు: సమాచారానికి ఉపన్యాసం, నైపుణ్యానికి కోచింగ్, భావాలు అర్థం కావడానికి సెమినార్, అంటే అందరూ కలిసి చర్చించడం. టీచర్లకు మొదటిదే బాగా అలవాటు. మూడోది ఉపన్యాసం విని వచ్చేది కాదు. గొప్ప గ్రంథాలే సిలబస్‌గా 1937 నుంచి నడుస్తున్న అమెరికాలోని సెయింట్ జాన్స్ కాలేజీలో ఒక్కో సెమినార్‌ను ఇద్దరు ట్యూటర్లు (అక్కడి అధ్యాపకులు) కలిసి నడుపుతారు. అనుభవం ఉన్నవారి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి ఇంతకంటే సహజమైన దారి నాకు కనిపించదు.

ఇప్పుడు డల్లాస్ విశ్వవిద్యాలయంలో క్లాసికల్ విద్యలో మాస్టర్స్ ఉంది. హిల్స్‌డేల్ కాలేజీ తనతో కలిసి పనిచేసే చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే బడుల) టీచర్లకు శిక్షణ ఇస్తోంది. వేసవి సదస్సులూ ఉన్నాయి. ఇవన్నీ కావాల్సినవే. కానీ సీనియర్ వెనక బెంచీలో కూర్చుని, ఏ ప్రశ్న దగ్గర చర్చ ఆగిపోయిందో క్లాసు అయ్యాక జూనియర్‌తో మాట్లాడాలంటే ఇద్దరికీ ఖాళీ పీరియడ్ ఉండాలి. ఫీజుల మీదే నడిచే చిన్న బడి ముందు ఆ పీరియడ్ ఖర్చును బడ్జెట్‌లో రాసుకోవాలి.