ఘంటసాల గుడ్డు పెట్టింది: కెనరీ ఆడదో మగదో పోల్చుకోవడంలో అపోహలు - వాస్తవాలు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోన్ చేశారు. "ఏమండీ, మా ఘంటసాల గుడ్డు పెట్టింది" అన్నారు. గొంతులో సంతోషం లేదు. ఎనిమిది నెలల కిందట ఒక దుకాణంలో "కచ్చితంగా మగదే, గొంతెత్తి పాడుతుంది" అన్న మాట నమ్మి, మగ పక్షి ధర చెల్లించి, ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్నారు పాపం.

డాబా మీద గదిలో పద్ధెనిమిదేళ్లుగా కెనరీలను, అంటే పాట కోసం పంజరంలో పెంచుకునే చిన్న పిట్టలను, పెంచుతున్నాను. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: ఇది ఆడదా, మగదా? పాడేది మగది కాబట్టి దానికి ధర ఎక్కువ. అందుకే అమ్మేవారి కంటికి ప్రతి పక్షీ మగదిలాగే కనిపిస్తుంది. ఈ అపోహల్లో సగం అక్కడ పుట్టినవే.

అపోహ: ముదురు పసుపు రంగుది మగది, వెలిసినట్టు ఉన్నది ఆడది.

వాస్తవం: రంగులోని ఆ తేడా ఈక తీరును బట్టి వచ్చేది. కొన్ని కెనరీలలో రంగు ఈక చివరిదాకా ఉంటుంది, పక్షి మెరుస్తుంది. మరికొన్నిటిలో ఈక కొసన సన్నని తెల్లని అంచు ఉంటుంది, ఒంటి మీద మంచు రాలినట్టు కనిపిస్తుంది. మొదటి రకాన్ని పెంపకందారులు ఎల్లో అని, రెండో రకాన్ని బఫ్ అని అంటారు. ఆడవాటిలోనూ మగవాటిలోనూ రెండు రకాలూ ఉన్నాయి. పైగా మేము కావాలనే ఒక దాన్ని ఎల్లో నుంచి, మరో దాన్ని బఫ్ నుంచి తీసుకుని జత కడతాం. కాబట్టి ఒకే గూటిలో పుట్టిన పిల్లల్లో మెరిసే చెల్లీ వెలిసిన అన్నా ఉండటం మామూలే.

ఎర్ర కెనరీల సంగతి ఇంకా వేరు. జర్మనీలో 1920లలో హన్స్ డుంకర్ లాంటి వారు దక్షిణ అమెరికాకు చెందిన రెడ్ సిస్కిన్ అనే చిన్న పక్షితో కెనరీని సంకరం చేయడంతో ఆ ఎరుపు వచ్చింది. ఈకలు రాల్చి కొత్తవి మొలిపించే రోజుల్లో తిన్న ఆహారాన్ని బట్టి ఆ ఎరుపు చిక్కబడుతుంది, లేదా పలచబడుతుంది. అంటే మీరు చూస్తున్నది చాలా వరకు దాని మేత.

అయితే రంగు నిజం చెప్పే సందర్భాలు రెండున్నాయి. మొదటిది మొజాయిక్ రకం. ఇందులో మగదానికి ముఖమంతా ముసుగు వేసినట్టు రంగు ఉంటుంది, ఆడదానికి కంటి దగ్గర సన్నని గీత మాత్రమే. ఈ తేడా కూడా రెడ్ సిస్కిన్ నుంచే వచ్చిందనీ, ఈకల్లోని రంగు పదార్థాన్ని విరగ్గొట్టే బీసీఓ2 అనే జన్యువు దీనికి మూలమనీ 2020లో సైన్స్ పత్రికలో పరిశోధకులు రాశారు. రెండోది సినమన్, అంటే దాల్చిన చెక్క రంగు. సినమన్ మగదాన్ని మామూలు ఆకుపచ్చ ఆడదానితో జత కడితే, పుట్టిన పిల్లల్లో సినమన్ రంగువి అన్నీ ఆడవే, ఆకుపచ్చవి అన్నీ మగవే. సినమన్ పిల్లల కళ్లు పుట్టగానే ఎర్రగా కనిపిస్తాయి కాబట్టి ఈకలు రాకముందే తెలిసిపోతుంది. జతను తిరగేస్తే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

అపోహ: ముక్కు మీద నీలం ఉంటే మగది.

వాస్తవం: మనవాళ్లు లవ్ బర్డ్స్ అని పిలుచుకునే బడ్జీలకు చెల్లే లెక్క ఇది. కెనరీకి ముక్కు పైన ఆ మెత్తని పట్టీయే ఉండదు.

అపోహ: కోలగుడ్డులో మగ పిల్ల, గుండ్రటి గుడ్డులో ఆడ పిల్ల.

వాస్తవం: మా అమ్మమ్మ కోళ్లను పొదిగించేటప్పుడు ఇదే మాట అనేది, గుడ్లను ఏరి మరీ పెట్టేది. పుంజులూ పెట్టలూ మాత్రం తమ ఇష్టం వచ్చినట్టు పుట్టేవి. పక్షుల్లో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి ఇచ్చే క్రోమోజోమ్. పెంకు ఆకారానికీ దానికీ సంబంధం లేదు.

అపోహ: పాడితే మగది, పాడకపోతే ఆడది.

వాస్తవం: దీనిలో ముప్పాతిక నిజముంది, చిక్కంతా మిగతా పావులోనే. మగ కెనరీ పాటంటే విడవకుండా సాగే గమకాల వరస. కొన్ని రకాల్లో ముక్కు దాదాపు మూసుకునే ఉంటుంది, గొంతు బెలూనులా ఉబ్బి అదురుతుంది. ఆడది కిచకిచమంటుంది, అప్పుడప్పుడు రెండు మూడు ముక్కలు అతికినట్టు ఏదో కూనిరాగం తీస్తుంది. కొన్ని ముసలి ఆడ పక్షులు బాగానే పాడతాయి. ఆడ కెనరీకి మగ హార్మోను ఇస్తే పాట అందుకుంటుందని శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే చూపించారు. ఫెర్నాండో నాటెబోమ్, ఆర్థర్ ఆర్నాల్డ్ 1976లో ప్రచురించిన పరిశోధనలో, పాటను నడిపించే మెదడు భాగాలు ఆడదానికంటే మగదానిలో బాగా పెద్దవని తేలింది. కొంతమంది దుకాణదారులు హార్మోను పూసిన గింజలు పెట్టి ఆడవాటిని పాడిస్తారని మా వాళ్లు చెప్పుకుంటారు. నేను కళ్లారా చూడలేదు కానీ, పాడుతుండగా కొన్న పక్షి ఇంటికి వచ్చాక శాశ్వతంగా మూగబోయిందంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే.

పాడనిదంతా ఆడది కాదు. ఈకలు రాల్చే కాలంలో మగది వారాల తరబడి నోరు విప్పదు. ఇల్లు మారితే అలుగుతుంది. శ్వాసనాళంలో చేరే సూక్ష్మమైన పురుగుల వల్ల కూడా గొంతు పోతుంది. రాత్రిపూట ఊపిరి తీస్తుంటే సన్నగా టిక్ టిక్‌మని వినిపిస్తే పక్షుల వైద్యుడికి చూపించాలి, జత కోసం వెతకకూడదు. ఇక పిల్లలు నెలా నెలన్నర వయసుకే తమలో తాము గొణుక్కోవడం మొదలుపెడతాయి. పాట గట్టిపడటానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. మూడు నెలల పిల్లను చూపించి "పాటగాడు" అంటే నవ్వి ఊరుకోండి.

అపోహ: రెండూ కలిసి గూడు కట్టాయి, గుడ్లు కూడా వచ్చాయి, అంటే జంటే.

వాస్తవం: ఆడ కెనరీకి గుడ్డు పెట్టడానికి మగది అక్కర్లేదు. మన కోడిపెట్టల సంగతి తెలిసి కూడా కెనరీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆశ్చర్యపోతారో! ఒక కెనరీ విడతకు మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. గూటిలో ఏడో ఎనిమిదో కనిపించి, పదమూడు పద్నాలుగు రోజులు పొదిగినా ఒక్కటీ చిట్లకపోతే, అక్కడున్నవి అక్కాచెల్లెళ్లే అనుకోవచ్చు. రెండు ఆడవి ఒకదాని నోటికి ఒకటి మేత అందించుకోవడం కూడా చూశాను.

అపోహ: తెలిసినవాడు చేతిలోకి తీసుకుని చూస్తే ఎప్పుడైనా చెప్పేస్తాడు.

వాస్తవం: ఎప్పుడైనా కాదు, జత కట్టే కాలంలో. పక్షిని వెల్లకిలా పట్టుకుని పొట్ట కింది ఈకలను నోటితో ఊది విడదీస్తాం. కాలంలో ఉన్న మగదానికి తోక కింది ద్వారం చిన్న బొడిపెలా నిటారుగా పొడుచుకు వస్తుంది. ఆడదానికి పొట్ట వంపులో కలిసిపోయి తోక వైపుకు వాలి ఉంటుంది. మా దగ్గర చలికాలం ముదిరాక ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఎండాకాలంలో అదే పక్షిని నా చేతిలో పెడితే నేనూ బొమ్మా బొరుసూ వేయాల్సిందే. గుడ్డు పెట్టబోయే ఆడదానికీ అక్కడ ఉబ్బుతుంది, కానీ పొట్టంతా కలిసి గుండ్రంగా ఉబ్బుతుంది. తొలి రెండేళ్లలో నేను ఇక్కడే మోసపోయాను.

కోళ్ల హేచరీల్లో ఒక్కరోజు పిల్లలనే వేరుచేస్తారు కదా అని కొందరు వాదిస్తారు. అది జపాన్‌లో 1920లలో రూపుదిద్దుకున్న విద్య. బొటనవేలంత కెనరీ పిల్ల మీద అది సాగదు. ఒక జాగ్రత్త: పక్షిని పట్టుకున్నప్పుడు రొమ్ము మీద వేళ్లు బిగించకండి. మనకున్నట్టు ఊపిరి నడిపే పొర వాటికి లేదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది.

కాలంతో పనిలేకుండా తేల్చేది డీఎన్ఏ పరీక్ష ఒక్కటే. సీహెచ్‌డీ అనే జన్యువు రెండు రకాల లింగ క్రోమోజోములపైనా వేరువేరు పొడవులతో ఉంటుంది. ఆడదానికి రెండు రకాలూ ఉంటాయి కాబట్టి పరీక్షలో దాని నమూనాకు రెండు పట్టీలు కనిపిస్తాయి, ఒకే రకం ఉన్న మగదానికి ఒకటే. రొమ్ము మీది నాలుగైదు ఈకలను మొదలుతో సహా పీకి పంపాలి. పంజరం అడుగున రాలిన ఈకలు ఏరి పంపి, ఫలితం రాలేదని ప్రయోగశాలను తిట్టేవారున్నారు. డీఎన్ఏ ఉండేది ఈక మొదట్లో, పీకినప్పుడు అంటుకొచ్చే కండలో. ఒకే రోజు చాలా పక్షుల ఈకలు తీస్తే కవర్ల మీద కాలి ఉంగరం సంఖ్య రాయడం మరవకండి. నాకు వచ్చిన తప్పు ఫలితాలన్నీ నా చేతిరాత పుణ్యమే.

మాస్టారికి ఆ రోజు చెప్పింది ఇంతే: గుడ్లు వెంటనే తీసేయకండి, తీస్తే మళ్లీ పెడుతూ పోతుంది, ఒళ్లు గుల్లవుతుంది. దానంతటది విసిగి లేచేదాకా కూర్చోనివ్వండి. పంజరంలో సముద్రపు నురుగు ముక్క, అదే కటిల్‌ఫిష్ ఎముక, ఒకటి తగిలించండి, సున్నం అందుతుంది. ఆయనకు మగది కావాలట. జనవరిలో తెల్లవారకముందే మా డాబా మీదికి రమ్మన్నాను. కాఫీ తాగుతూ గంటసేపు వినమన్నాను, ఏది పాడితే దాన్నే పట్టుకెళ్లమన్నాను.